కొడిగట్టిన వత్తి

2013 నవంబరు. టెక్సస్‌లో డాలస్ పక్కన ఇర్వింగ్ అనే ఊళ్ళో ఇద్దరం ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. నా రూమ్మేట్, ఇంజనీరింగ్‌లో నా క్లాస్‌మేట్ కూడా, రాత్రి పదకొండింటికి వంటగట్టు మీద చిన్న స్క్రూడ్రైవర్, కత్తెర, మల్టీమీటర్ పరుచుకుని కూర్చున్నాడు. దూది అయిపోయింది. బయట వాన. కారు నాది, తాళాలివ్వనన్నాను. కాసేపు ఇల్లంతా వెతికి, చివరికి దేవుడి అలమరాలోంచి వాళ్ళమ్మ సూట్‌కేసులో పెట్టి పంపిన వత్తుల పొట్లం తీశాడు. కార్తీక పౌర్ణమికి వెలిగించుకోమని ఆవిడ స్వయంగా చేసి పంపినవి. గుంటూరు జిల్లాలో సొంత చేలో పత్తి, గింజ తీసి, చేత్తో ఏకి, వేళ్ళకి విభూతి అద్దుకుని చేసినవి.

"రేయ్, అవి దేవుడివిరా," అన్నాను.

"దూదే కదా మామా," అన్నాడు.

ఆ రాత్రి ఆ వత్తి పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు. తెలుసుకోడానికి చదువుతూ పోతే, వాడి కథ కూడా వేరేగా కనిపించడం మొదలైంది.

వాడు చేస్తున్న పని ఈ-సిగరెట్‌లో కాయిల్ మార్చడం. అప్పటికి రెండు నెలలై సిగరెట్ మానేశాడు. వాళ్ళ నాన్నకి స్టెంట్ వేశారని ఫోనొచ్చిన రోజున మానేశాడు. ఇంట్లో "వేప్ తాగుతున్నా" అని చెబితే, వేపాకు ఆవిరేమో అనుకుని వాళ్ళమ్మ సంతోషించింది కూడా.

ఆ పరికరంలో ముఖ్యమైనవి మూడే: బ్యాటరీ, తీగచుట్ట, వత్తి. ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, కాస్త సువాసన కలిపిన ద్రవం ఒక చిన్న తొట్టిలో ఉంటుంది. వత్తి దాన్ని పీల్చి తీగ దాకా తెస్తుంది. బటన్ నొక్కితే తీగ వేడెక్కి, ద్రవం ఆవిరవుతుంది. ప్రమిదలో నూనె వత్తి పట్టుకుని పైకి పాకే సూత్రమే. కాకపోతే ప్రమిదలో వత్తి కొస కాలాలి, ఇక్కడ కాలకూడదు.

తీగ కథ పాతది. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ అనే ఆయనకి నికెల్, క్రోమియం కలిపిన లోహానికి పేటెంట్ వచ్చింది. ఎర్రగా కాలినా త్వరగా పాడవని తీగ. టోస్టర్లూ హీటర్లూ ఇళ్ళలోకి రావడానికి దారి వేసింది అదే. తర్వాత స్వీడన్‌లో హాన్స్ ఫాన్ కాంట్‌సోవ్ అనే ఇంజనీరు ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపి కాంథాల్ తయారుచేశాడు. ఆ పేరుతో కంపెనీ పుట్టింది 1931లో. కొలిమిలకీ ఎలక్ట్రిక్ పొయ్యిలకీ ఉద్దేశించిన ఆ తీగనే ఎనభై ఏళ్ళ తర్వాత మావాడు స్క్రూడ్రైవర్ కాడ చుట్టూ ఎనిమిది చుట్లు చుడుతున్నాడు.

పరికరం ఆలోచన కూడా కొత్తది కాదు. పెన్సిల్వేనియాకి చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ 1963లో దరఖాస్తు పెట్టి, 1965లో పొగలేని, పొగాకు లేని సిగరెట్‌కి పేటెంట్ తెచ్చుకున్నాడు. అందులో నికోటిన్ లేదు. అది మార్కెట్‌లోకీ రాలేదు. ఇప్పుడు మనం చూస్తున్న దానికి మూలం చైనాలో షెన్యాంగ్‌కి చెందిన ఫార్మసిస్టు హాన్ లిక్ 2003లో చేసిన పరికరం. ఆయన స్వయంగా విపరీతంగా సిగరెట్లు తాగేవాడు. ఆయన మొదటి డిజైన్‌లో ద్రవాన్ని తుంపర చేసింది అల్ట్రాసౌండ్. వేడి తీగ, దాన్ని అంటిపెట్టుకున్న వత్తి తర్వాత స్థిరపడ్డాయి.

ఆ తొలి వత్తులు చాలావరకు సిలికా దారం, అంటే గాజునార లాంటిది. మంటకి తట్టుకుంటుంది, కానీ ద్రవాన్ని నెమ్మదిగా పీలుస్తుంది. కొన్నాళ్ళకి తీగ మీద నల్లటి పెచ్చు కడుతుంది, రుచి మాడుతుంది. కంపెనీ లెక్కలో అప్పుడు దాన్ని పారేసి కొత్తది కొనాలి. 2010 తర్వాత కొందరు ఈ లెక్కని ఒప్పుకోలేదు. విప్పి చూస్తే లోపల ఉన్నది జానెడైనా లేని తీగ, చిటికెడు దారం. దీనికి ప్రతిసారీ డబ్బు కట్టడమేమిటని తామే చుట్టుకోవడం మొదలుపెట్టారు. కొందరు స్టీలు జాలీని చుట్ట చుట్టి వత్తిగా వాడారు. చివరికి ఎక్కువమంది చేరిన చోటు దూది. చవక, బాగా పీలుస్తుంది, మాడితే వెంటనే తెలుస్తుంది.

ఏ దూది అన్నదే అసలు ప్రశ్న. మా అమ్మమ్మకి దూది ఒకటే రకం అనుకుంటాను, పీచులో కెమిస్ట్రీ చూసేవాళ్ళకి రెండు రకాలు. చేలోంచి వచ్చిన పత్తి పోగు మీద సన్నటి మైనం పొర ఉంటుంది. బరువులో ఒక శాతం లోపే, కానీ నీటిని దగ్గరికి రానివ్వదు. పచ్చి పత్తి ఉండని నీళ్ళలో వేస్తే తేలుతుంది. క్షారంలో ఉడికించి ఆ మైనం వదిలిస్తే అదే పత్తి నీటిని గటగటా తాగుతుంది. 1880లో బర్మింగ్‌హామ్ సర్జన్ శాంప్సన్ గ్యామ్‌జీ ఇలాంటి దూదిని గాజుగుడ్డ మధ్య పెట్టి గాయాలకి పట్టీలు చేశాడు. మెడికల్ షాపులో దొరికే దూది ఆ కుదురుదే.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. వాళ్ళమ్మ వత్తులు పచ్చి పత్తివి. మైనానికీ నూనెకీ చుట్టరికం కాబట్టి ప్రమిదలో నువ్వులనూనెని అవి అద్భుతంగా పీలుస్తాయి. గ్లిజరిన్, ప్రొపైలీన్ గ్లైకాల్ మాత్రం స్వభావంలో నీటి వైపువి. ఆవిడ వత్తి వాటిని ముట్టుకోలేదు. వాడు దమ్ము లాగాడు, ఎండు దూది మాడింది, వాడు దగ్గీ దగ్గీ సింక్ మీదకి వంగిపోయాడు. దేవుడు శిక్షించాడని నేను నవ్వాను. మర్నాడు వాడు మిగిలినవాటిలో సగం గిన్నెలో వేసి, సోడా కలిపి ఉడకబెట్టి, ఆరేసి మళ్ళీ వాడాడు. ఈసారి పనిచేశాయి. మిగిలిన సగం నేను దాచి పౌర్ణమినాడు వెలిగించాను.

ఈ సొంత చుట్టుడు విద్యలో ఒక గొప్ప, ఒక ప్రమాదం ఉన్నాయి. గొప్ప ఏమిటంటే, కాలేజీలో పరీక్ష కోసం బట్టీపట్టిన ఓం సూత్రాన్ని మావాడు మొదటిసారి నిజంగా వాడింది ఇక్కడే. 0.32 మిల్లీమీటర్ల కాంథాల్ తీగ, ఎనిమిది చుట్లు, దాదాపు ఒకటిన్నర ఓమ్. 3.7 వోల్టుల బ్యాటరీకి రెండున్నర ఆంపియర్లు, తొమ్మిది వాట్లు. సాధుజీవి. ప్రమాదం ఏమిటంటే, అదే లెక్క ఇంకా ముందుకి తీసుకెళ్ళినవాళ్ళున్నారు. 0.2 ఓమ్ చుడితే నిండు ఛార్జిలో ఉన్న బ్యాటరీ 21 ఆంపియర్లు ఇవ్వాలి. చాలా బ్యాటరీలకి అది పరిమితి దాటిన మాట. మధ్యలో ఏ రక్షణ సర్క్యూటూ లేని పరికరాలు కూడా ఉండేవి. 2018 మేలో ఫ్లోరిడాలో ఒక మనిషి ఈ-సిగరెట్ పేలి చనిపోయాడు. చేత్తో చేసుకున్నంత మాత్రాన ఏదీ క్షేమం కాదు. ఈ వ్యాసంలో ఎక్కడైనా నా గొంతులో పాతకాలపు మురిపెం వినిపిస్తే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

వత్తి ఒకసారి సైన్స్ పత్రికలకీ ఎక్కింది. 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్తలు ఒక లేఖ రాశారు. 3.3 వోల్టుల దగ్గర కనిపించని ఫార్మాల్డిహైడ్ సంబంధిత పదార్థాలు, 5 వోల్టుల దగ్గర గణనీయంగా కనిపించాయని దాని సారాంశం. దానికి వచ్చిన అభ్యంతరం: ఆ వోల్టేజీలో ఆ కాయిల్ వత్తి ఎండిపోతుంది, ఎండిన వత్తిని మనిషి పీల్చలేడు, యంత్రం మాత్రమే పీలుస్తుంది. గ్రీకు కార్డియాలజిస్టు కాన్‌స్టాంటినోస్ ఫార్సలినోస్ అదే ఏడాది వాడకందార్లతో పరీక్షించి, మాడిన దమ్ముని వాళ్ళు వెంటనే పసిగడతారని చూపించాడు. నాకు మాత్రం ఈ తగాదాలో ఒక విషయం బలంగా తోచింది. ఈ పరికరంలో ఉన్న ఒకే ఒక్క భద్రతా ఏర్పాటు మనిషి నాలుక. అది పనిచేయాలంటే వత్తి మాడాలి, మాడినట్టు మనకి తెలియాలి.

దీపం చరిత్రలో దీనికి ఎదురు కథ ఉంది. మనం "కొడిగట్టిన దీపం" అంటాం. కొడి అంటే వత్తి కొసన పేరుకునే మసి ముద్ద. దాన్ని దులిపి, వత్తి ఎగదోయకపోతే దీపం కునుకుతుంది. ఐరోపాలో కొవ్వొత్తుల కొడి తుంచడానికి ప్రత్యేకంగా కత్తెరలే ఉండేవి. 1825లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన వత్తిని జడలా అల్లాడు. అల్లిన వత్తి కాలేకొద్దీ పక్కకి వంగి, మంటలో బాగా వేడిగా ఉండే అంచుకి చేరి, తనంతట తానే పూర్తిగా కాలిపోతుంది. కొడి లేదు, కత్తెర అక్కర్లేదు. మనుషులు వత్తి సంగతి మర్చిపోయారు. దీపం విషయంలో అది మేలే. ఎవరికి కావాలి రాత్రంతా దీపం దగ్గర కాపలా?

2015 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చిన జూల్ ఈ-సిగరెట్‌కి సరిగ్గా ఇదే చేసింది. పెన్‌డ్రైవ్ లాంటి పరికరం, మూసిన పాడ్. వత్తీ కాయిలూ అందులోనే ఉన్నాయి, కానీ ఎవరూ విప్పరు. అయిపోతే పారేసి ఇంకోటి తగిలించాలి. పైగా నికోటిన్‌ని బెంజోయిక్ యాసిడ్‌తో కలిపి లవణంగా మార్చారు. మామూలు నికోటిన్ ఎక్కువైతే గొంతు మండుతుంది, ఈ లవణం అంత మండించదు. 0.7 మిల్లీలీటర్ల పాడ్‌లో సుమారు 40 మిల్లీగ్రాముల నికోటిన్. ఒక పాడ్ ఇంచుమించు ఒక సిగరెట్ ప్యాకెట్‌తో సమానమని కంపెనీయే చెప్పింది. అంటే నాలుకకి ఉన్న గుర్తూ పోయింది, గొంతుకి ఉన్న గుర్తూ పోయింది. అమెరికా హైస్కూలు పిల్లల్లో ఈ-సిగరెట్ వాడేవాళ్ళు 2017లో 11.7 శాతం, 2018లో 20.8 శాతం. ఆ డిసెంబరులోనే సర్జన్ జనరల్ దీన్ని అంటువ్యాధి అన్నాడు.

2019లో అమెరికాలో వేపింగ్‌తో ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు వరసగా బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరికి 68 మంది చనిపోయారు. గంజాయి నూనెలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ వైపు వేళ్ళు గట్టిగా చూపించాయి. ఆ వార్తల నడుమ, 2019 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వం ఈ-సిగరెట్లని నిషేధిస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది, డిసెంబరుకి అది చట్టమైంది. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటి తప్పుకి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పాన్‌షాపులో సిగరెట్ మాత్రం అలాగే ఉంది. చట్టం మంచిదా కాదా అన్నది వేరే వ్యాసం.

మళ్ళీ మావాడి దగ్గరికి. కాయిల్ చుట్టుకునే రోజుల్లో వాడి సీసా మీద అంకె ఉండేది. మిల్లీలీటరుకి 18 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 12, 6, చివరికి 3 దాకా దిగాడు. లెక్క అంత సూటి కాదులెండి, అంకె తగ్గేకొద్దీ ద్రవం ఎక్కువ తాగాడు. ఆదివారాలన్నీ తీగలు చుట్టుకుంటూ గడిపాడు. ఆ సరదాయే వాణ్ణి వదలనివ్వలేదేమో అని కూడా నాకు అనుమానం. అయినా రోజుకి పది మిల్లీలీటర్లు తాగినా 30 మిల్లీగ్రాములు. మారే ప్రతి వత్తీ వాడికి ఒక రసీదు. నల్లబడ్డ దూదిని పట్టకారుతో బయటికి లాగి, "చూడు మామా, వారంలో ఇదీ నేను పీల్చింది," అని చూపించేవాడు. ఒకసారి అలా చూపించి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

2016లో పెళ్ళయింది, తర్వాత పాప. తీగలూ మల్టీమీటరూ అట్టపెట్టెలో సర్దేశాడు. తీరిక లేదన్నాడు. పాడ్‌కి మారాడు, తర్వాత వాడి పారేసేవాటికి.

2022లో ఆఫీసు పనిమీద డాలస్ వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో దిగాను. రాత్రి భోజనాలయ్యాక వెనక డెక్ మీద కూర్చున్నాం. జేబులోంచి మామిడిపండు రంగు ప్లాస్టిక్ డబ్బా తీశాడు. మీద 5000 పఫ్స్ అని రాసుంది. బటన్ కూడా లేదు.

"రోజుకెంత అవుతోందిరా?" అనడిగాను.

దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. లోపల ఏమీ కనిపించదు.

"తెలీదు మామా," అన్నాడు. "అయిపోతే లైటు మిణుకుతుంది. అప్పుడు ఇంకోటి తీస్తా."

లోపల దేవుడి అలమరా దగ్గర దీపం వెలుగుతోంది. వాళ్ళమ్మ ఆర్నెల్ల కోసం వచ్చి ఉంది. ఆవిడ అటుగా వెళ్తూ ఒక్క క్షణం ఆగి, పుల్లతో కొడి దులిపి, వత్తి కాస్త పైకి ఎగదోసి వెళ్ళింది.