ఆర్‌ఎక్స్-8 కారుకు ట్రక్కు కాయిల్స్

ఇగ్నిషన్ కాయిల్ పని బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను వేల వోల్టులకు పెంచి స్పార్క్ ప్లగ్‌కు అందించడం. 2003లో అమ్మకానికొచ్చిన మాజ్డా ఆర్‌ఎక్స్-8 కారులో ఆ పని మరీ కష్టం. పిస్టన్లకు బదులు రెండు రోటర్లు తిరిగే ఇంజన్ అది. రోటర్‌కు రెండేసి ప్లగ్‌లు, మొత్తం నాలుగు కాయిల్స్. మామూలు ఫోర్‌స్ట్రోక్ ఇంజన్లో సిలిండర్‌కు రెండు చుట్లకొక నిప్పురవ్వ చాలు. ఇక్కడ ప్రతి చుట్టుకూ కావాలి. నిమిషానికి 9,000 చుట్ల దగ్గర ఒక్కో కాయిల్ సెకనుకు 150 సార్లు రాజేయాలి. పైగా ఇంజన్ వేడి.

అందుకే ఈ కాయిల్స్ త్వరగా నీరసిస్తాయి. బండి జెర్కులిస్తుంది, చెక్ ఇంజన్ లైటు మిణుకుమంటుంది. అసలు నష్టం వెనకాల జరుగుతుంది: కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లో మండి, దాన్ని కరిగించేస్తుంది. కాయిల్ కంటే దాని ఖరీదే చాలా ఎక్కువ!

చాలామంది యజమానులు ఎంచుకునే మందు జనరల్ మోటార్స్ ఎల్‌ఎస్ వి8 ట్రక్కుల కాయిల్స్. అయితే నేరుగా బిగించి ఊరుకుంటే కుదరదు. కొత్త బ్రాకెట్, వైరింగ్, ప్లగ్ వైర్లు కావాలి. కరెంటు నిండే వ్యవధి, అంటే డ్వెల్, కొత్త కాయిల్‌కు సరిపోవాలి. తక్కువైతే రవ్వ బలహీనం, ఎక్కువైతే కాయిల్ కాలిపోతుంది.

పాత కాయిల్స్ బాగానే ఉన్న స్టాక్ ఇంజన్లో మాత్రం హార్స్‌పవర్ పెద్దగా పెరగదు.