క్లింటన్ గారి బోదె

ఇలా దగ్గరికి జరిగి కూర్చో. ఆ ఫోను బోర్లా పెట్టు, అదేం అలగదులే. అమెరికా అనగానే ఎగిరి గంతేస్తారు కదా మీరు! న్యూయార్కు అంత పట్నం కావడం వెనక నాలుగడుగుల లోతు కాలువ ఒకటి ఉందని ఎప్పుడైనా విన్నావా? నిలబడితే నీకు ఛాతీ దాకానే వస్తుంది.

1807 నాటి మాట. జెస్సీ హాలీ అని గోధుమపిండి వర్తకుడొకడు. సరుకు పట్నం చేరేసరికి బండి కిరాయే లాభమంతా మింగేసేది. దివాలా తీశాడు. అప్పు తీర్చలేని వాణ్ణి ఖైదులో వేసే రోజులవి. కానండైగ్వా ఊళ్లో ఖైదులో కూర్చుని, ఈరీ సరస్సు నుంచి, న్యూయార్కుకి పోయే హడ్సన్ నదికి కాలువ తవ్వాలని పత్రికకి 14 వ్యాసాలు రాసి పంపాడు. సొంత పేరు పెట్టుకుంటే ఎవరు చదువుతారు? ‘హెర్క్యులిస్’ అని పెట్టుకున్నాడు. తన కొట్టే నిలబెట్టుకోలేనివాడు రాజ్యానికి దారి చెబుతాడా అని నవ్విపోయారు జనం. 1809లో దేశాధ్యక్షుడు థామస్ జెఫర్సన్ కూడా ఈ కాలువ ఆలోచన విని, ఇప్పుడిది పిచ్చి పనే అన్నాడని చెబుతారు.

ఊరుకోనివాడు డెవిట్ క్లింటన్. న్యూయార్కు రాష్ట్ర గవర్నరు. 1817 జూలై 4న రోమ్ అనే ఊరి దగ్గర పలుగు వేయించాడు. ఇటలీలో రోమ్ కాదులే, వాళ్లకి ఊళ్ల పేర్లు అరువు తెచ్చుకోవడం అలవాటు. ‘క్లింటన్ గారి బోదె’ అని ఎగతాళి మొదలైంది. ఎగతాళి చేసేవాళ్ల తప్పూ లేదు. తవ్వాల్సింది 363 మైళ్లు. కాలువలు కట్టడం నేర్పే బడి ఆ దేశంలో లేదు. పెద్ద ఇంజనీర్లు బెంజమిన్ రైట్, జేమ్స్ గెడ్డెస్ ఇద్దరూ భూములు కొలిచిన అనుభవం ఉన్న జడ్జీలు. కాన్వాస్ వైట్ అనే కుర్రాడు ఇంగ్లండు వెళ్లి, అక్కడి కాలువ గట్లంట కాళ్లరిగేలా తిరిగి పని నేర్చుకొచ్చాడు.

1819లో మాంటెజుమా బురదనేలలో కూలీలకి చలిజ్వరాలు పట్టుకున్నాయి. చెడుగాలి అనుకున్నారు. దోమే తెస్తుందని ఎవరికి తెలుసు? ఆ గుట్టు రోనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులో కదా పట్టుకున్నది! ఆయన మైక్రోస్కోపు... సరే, ఆ కథ ఇంకో రోజు. కాలువ దగ్గరికి వద్దాం.

ఈరీ సరస్సు ఒడ్డున కాలువ మొదలయ్యే బఫెలో ఊరు హడ్సన్ కంటే 570 అడుగుల దాకా ఎత్తు. అందుకని 83 లాకులు కట్టారు. లాకులంటే నీకు చెప్పక్కర్లేదు, గోదావరి కాలువల మీద చూశావుగా. పడవ లోపలికి రాగానే తలుపులు మూస్తారు, పైనుంచి నీళ్లు వదులుతారు, బరువెంతున్నా పడవ తానే లేస్తుంది. లాక్‌పోర్టు దగ్గరైతే ఒకదాని మీద ఒకటి, అయిదు. పడవని గట్టు మీద గుర్రాలో కంచరగాడిదలో లాగేవి. మన కాలువల మీద ఆ తాడు మనుషుల భుజాన ఉండేది.

1825 అక్టోబరు 26న కాలువ తెరిచారు. టెలిగ్రాఫు ఇంకా పుట్టలేదు, మరి కబురెలా? దారి పొడవునా ఫిరంగులు పెట్టి, ఒకటి పేలగానే ఇంకొకటి పేల్చుకుంటూ పోయారు. గంటన్నరలోపే న్యూయార్కుకి తెలిసిపోయింది.

ఇక ధరలు విను. బఫెలో నుంచి న్యూయార్కుకి టన్ను సరుక్కి 100 డాలర్లు ఉండే కిరాయి 10కి దిగింది. ఇరవై రోజుల దారి ఎనిమిది రోజులైంది. కాలువ గట్టునున్న పిండిమరల రోచెస్టరులో 1820లో 1,500 మంది ఉంటే, పదేళ్లకి తొమ్మిది వేలు దాటారు. 70 లక్షల డాలర్ల ఖర్చుని సుంకాలే తీర్చేశాయి. పాపం హాలీ పిండి బస్తాలు పద్దెనిమిదేళ్లు తొందరపడ్డాయి, అంతే.

నవ్విన నోళ్లే ఇప్పుడు మాకూ కాలువ అన్నాయి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా ముందుకి దూకింది. ఫిలడెల్ఫియా నుంచి పిట్స్‌బర్గుకి దారి వేస్తామన్నారు. మధ్యలో అలెఘనీ కొండలు! కొండెక్కే కాలువ ఎక్కడైనా ఉంటుందా? వాళ్లు ఆగలేదు. పడవల్ని ముక్కలుగా విడదీసి పట్టాల బళ్ల మీదికి ఎక్కించి, ఆవిరి యంత్రాలతో కొండ మీదికి లాగి, అవతల దించి మళ్లీ అతికించారు. ఓడలు బళ్లవుతాయని మనవాళ్లు ఊరికే అన్నారా? 1834కి దారి పూర్తయింది.

నవలలు రాసే చార్లెస్ డికెన్స్ 1842లో ఆ కాలువ మీద ప్రయాణం చేశాడు. పడకలని చూసి పుస్తకాల అరలనుకున్నాడట. ఒకదాని మీద ఒకటి వేలాడే పలకలు, ఆడవాళ్లకీ మగవాళ్లకీ మధ్య ఒక తెర. పొద్దున్నే మొహం కడగాలంటే గొలుసుతో కట్టేసిన రేకు గరిట, కాలువ నీళ్లు. అందరికీ ఒకటే దువ్వెన! ముఖం అలా పెట్టకు, మన సత్రాల్లో ఇంతకన్నా గొప్పగా ఏం ఉండేదిలే.

ఆ ఏడే పెన్సిల్వేనియా ఖజానా చేతులెత్తేసింది. అప్పుల మీద వడ్డీ కట్టలేకపోయింది. వాళ్ల బాండ్లు కొన్నవాళ్లలో ఇంగ్లండు పాదిరి సిడ్నీ స్మిత్ ఒకడు, నోరున్నవాడు. 1843లో పత్రికల్లో వాళ్లని ఉతికి ఆరేశాడు. విందులో పెన్సిల్వేనియా వాడు కనబడితే వాడి ఒంటిమీది బట్టలు అప్పులవాళ్లకి తలా ఒకటి పంచేయాలనిపిస్తుందని రాశాడు. తన బాండ్లు మాత్రం నష్టానికి అమ్మేసుకున్నాడు. 1845లో వడ్డీ మళ్లీ కట్టడం మొదలైంది. ఓపిక పట్టినవాళ్లకి అందింది. పాదిరిగారు ఆ ఏడే పోయారు.

ఆ కాలువలూ, కొండ మీది పట్టాలూ 1857లో బేరానికి వచ్చాయి. 75 లక్షల డాలర్లకి కొన్నది ఎవరనుకున్నావు? రైలు కంపెనీ వాళ్లే.