హీలియం గుంటూరులో దొరికిందా? మరి పోలవరంలో గ్రహణం ఎప్పుడు?

"హీలియం మన గుంటూరులోనే దొరికింది" అనే ఫార్వర్డ్ మీకూ వచ్చే ఉంటుంది. అందులో సగమే నిజం. మిగతా సగం ఇంకా బాగుంటుంది, వినండి.

1868 ఆగస్టు 18, మంగళవారం ఉదయం. చంద్రుడి చిక్కటి నీడ మన కోస్తా మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ మకాం గుంటూరులో. బ్రిటిష్ మేజర్ టెన్నెంట్ కూడా అక్కడే. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నం వస్తే, అక్కడే పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి వెళ్లాడు. ఈయన పేరు మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి!

సూర్యుడు పూర్తిగా మూసుకోగానే అంచున ఎర్రటి మంటలు కనిపించాయి. జాన్సెన్ వాటిని స్పెక్ట్రోస్కోప్‌లో చూస్తే మెరిసే గీతలు. అంటే అది వేడి వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. ఇంతలా మెరుస్తుంటే గ్రహణం లేకపోయినా కనపడాలి కదా అనుకున్నాడు. మర్నాడు మామూలు ఎండలోనే చూసేశాడు! లాజిక్ సింపుల్: స్పెక్ట్రోస్కోప్‌లో ఎండ అన్ని రంగుల్లోకి పరుచుకుని పలచబడుతుంది. వాయువు వెలుగు కొన్ని గీతల్లోనే ఉంటుంది కాబట్టి పలచబడదు. నాకైతే హీలియం కంటే ఇదే పెద్ద విషయం.

రెండు నెలల తర్వాత ఇంగ్లండ్‌లో లాక్యర్ కూడా విడిగా ఇదే చేశాడు. ఆ గీతల్లో పసుపుది ఒకటి సోడియం గీతతో కలవలేదు. అది కొత్త మూలకం అన్నాడు లాక్యర్. అదే హీలియం. భూమ్మీది ఖనిజంలోంచి దాన్ని రామ్సే పట్టుకున్నది 1895లో, లండన్‌లో.

ఇక మా పోలవరం సంగతి. 2031 మే 21, బుధవారం, మధ్యాహ్నం పూట. వలయం కనిపించే సన్నటి దారి కేరళ, దక్షిణ తమిళనాడు మీదుగా పోతుంది. చంద్రుడి పలచటి నీడ మాత్రం వేల కిలోమీటర్ల వెడల్పు, అందులో మనం ఉంటాం. మనకి పాక్షికం అన్నమాట. చంద్రుడి దారి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టే ప్రతి అమావాస్యకీ గ్రహణం రాదు.

పాక్షికంలో ఆ ఎర్రటి మంటలు కనపడవు, మిగిలిన ఎండ చాలు వాటిని ముంచేయడానికి. కంటిని పాడుచేయడానికీ అదే చాలు. ఎక్స్‌రే ఫిల్మ్, కూలింగ్ గ్లాసెస్ పనికిరావు. గ్రహణం కళ్లద్దాలు లేకపోతే మామిడిచెట్టు కిందకి వెళ్లి నేల చూడండి. ఆకుల సందుల్లోంచి పడే ప్రతి ఎండచుక్కా కొరికిన అప్పడంలా ఉంటుంది.