సుబ్బారావుగారి మందు, మా ఊరి బస్సు



మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో క్యాన్సర్ చికిత్స అనగానే మనసున మెదలేది మందు కాదు, హైదరాబాదు బస్సు. సూర్యాపేట నుండి నగరానికి సుమారు 135 కిలోమీటర్లు. కోదాడ మరింత దూరం. వేకువనే బయలుదేరి, రక్తపరీక్ష చేయించుకొని, మందు ఎక్కించుకొని, రాత్రి బస్సులో కొంగు నోటికి అడ్డుపెట్టుకొని తిరిగివచ్చే తల్లులను చూశాను. తెల్లకణాలు తగ్గినవంటే మందు ఎక్కించకుండానే పంపివేస్తారు. ఆనాటి ప్రయాసమంతా వృథా.

ఈ చికిత్సకు మూలపురుషులలో ఒకరు తెలుగువారే. భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఫోలిక్ ఆమ్లంపై పరిశోధన నడిపించారు. కణం విభజన చెందడానికి ఆ ఆమ్లం కావాలి. అచ్చం దానివలెనే ఉండే మాయావిని లోపలికి పంపితే కణం మోసపోతుంది. మారీచుడి కథే! అలా పుట్టినది అమినోప్టెరిన్. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ దానిని రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా తగ్గినదని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. ఆ మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

ఫార్బర్ చేసిన మరొక పనిని మనం అంతగా చెప్పుకోము. 1952లో బోస్టనులో వెలసిన జిమ్మీ ఫండ్ భవనంలో పిల్లలు పగలు వచ్చి మందు తీసుకొని ఇల్లు చేరేవారు. మంచం పట్టించకుండా చేసే వైద్యమన్నమాట.

తరువాత చర్మం క్రింద అమర్చే పోర్టు వచ్చింది, రబ్బరు బుడగ పంపు వచ్చింది. పేగు క్యాన్సరుకు వాడే ఫ్లోరోయురాసిల్‌ను బుడగలో నింపి నడుముకు కడితే, అది ముడుచుకొంటూ 46 గంటలపాటు మందును పంపుతుంది. కరెంటుతో పనిలేదు. రోగి ఇంట్లో తన మంచంమీదే పడుకోవచ్చు. సరే, 46 గంటలైన తరువాత పోర్టులోని సూది తీసేదెవరు? శిక్షణ పొందిన నర్సు ఊళ్ళో లేకపోతే మళ్ళీ హైదరాబాదే.

అన్ని మందులూ ఇంట్లో ఎక్కించదగినవి కావు. డాక్సోరుబిసిన్ సిర దాటి బయటికి జారితే అక్కడి కండ చచ్చిపోతుంది. కాబట్టి నా మట్టుకు ఇంటికంటె దగ్గరి ఆసుపత్రిలో పగటి చికిత్స గది ఉండడమే మేలనిపిస్తుంది. 2025 ఫిబ్రవరి కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్ళలో అన్ని జిల్లా ఆసుపత్రులలోనూ అటువంటి కేంద్రాలు పెడతామన్నారు. జిల్లా అన్న మాట దగ్గర నా చూపు ఆగింది. కోదాడ, మిర్యాలగూడ జిల్లా కేంద్రాలు కావు. కోదాడవారు సూర్యాపేటకు, మిర్యాలగూడవారు నల్లగొండకు పోవలసిందే. బస్సు తప్పదు గాని, చీకటి పడకముందే ఇల్లు చేరవచ్చు.