కాజీపేట ఆల్కో గొంతు బొమ్మ ఇంజిన్‌లోకి ఎలా వచ్చింది? సౌండ్ లోకో కొనేముందు ఈ కథ వినండి

డిజిటల్ సౌండ్ ఉన్న మోడల్ రైలింజన్ కొనాలి, పదేళ్ళయినా మొరాయించకుండా తిరిగేది ఏది తీసుకోవాలి? ఇదీ ఇవాళ్టి టాపిక్. నాలుగు బాక్సులు తెరిచి చూపించి "ఇది కొనేయండి" అంటే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కానీ ఈ సౌండ్ అనేది బొమ్మలోకి రావడానికి యాభై ఏళ్ళు పట్టింది. ఆ యాభై ఏళ్ళలో ఏవి చెడిపోయాయి, ఎందుకు చెడిపోయాయి అన్నది తెలిస్తే, ఏది కొనాలో మీకే అర్థమైపోతుంది.

అసలు ఏ సౌండ్ కావాలి? అక్కడ మొదలుపెడదాం. హసన్‌పర్తి వాళ్ళకి ఈ ప్రశ్నకి జవాబు వెతకక్కర్లేదు. హసన్‌పర్తి రోడ్ స్టేషన్ కాజీపేట నుంచి బల్లార్ష పోయే లైన్ మీద ఉంది. ఈ లైన్ 1920ల చివర్లో, నిజాం కాలంలో పూర్తయింది. ఇది పూర్తయ్యాకే ఢిల్లీకీ మద్రాసుకీ ఈ వైపు నుంచి నేరుగా దారి ఏర్పడింది. మన జీటీ, అంటే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, 1929లో మొదలైంది. మొదట్లో అది పెషావర్ నుంచి మంగళూరు దాకా పోయే బండి! అదే లైన్ మీద సింగరేణి బొగ్గు కూడా దిగుతుంది. పక్కనే కాజీపేటలో డీజిల్ లోకో షెడ్. 1980ల చివర్లో ఈ దారికి కరెంటు తీగలు వచ్చాక కూడా, షెడ్ దగ్గర్లోనే ఉండటంతో డీజిల్ ఇంజిన్ల చప్పుడు ఈ ఊళ్ళని వదలలేదు.

ఆ చప్పుడులో రాజు డబ్ల్యూడీఎం-2. పేరు వింటే లెక్కల ఫార్ములాలా ఉంటుంది గానీ విషయం సింపుల్: డబ్ల్యూ అంటే బ్రాడ్ గేజ్, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్యాసింజర్, గూడ్స్ రెండూ లాగేది. దీన్ని డిజైన్ చేసింది అమెరికాలోని ఆల్కో కంపెనీ. 1962లో మొదటివి ఓడల్లో వచ్చాయి. 1964 జనవరిలో వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ నుంచి మన దేశంలో తయారైన మొదటిది బయటికొచ్చింది. తమాషా చూడండి, 1969లో అమెరికాలో ఆల్కో ఇంజిన్ల తయారీ ఆపేసింది. కన్నతల్లి పోయింది, బిడ్డ మాత్రం వారణాసిలో ఇంకో మూడు దశాబ్దాల దాకా పుడుతూనే ఉంది. మొత్తం రెండు వేలకు పైగా తయారయ్యాయి.

దాని లోపల ఉన్నది ఆల్కో 251 అనే 16 సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్, 2600 హార్స్ పవర్. ఖాళీగా నిలబడితే నిమిషానికి 400 చుట్లు, ఫుల్ పవర్‌లో 1000 చుట్లు. ఒక చిన్న లెక్క చేద్దాం. ఫోర్ స్ట్రోక్‌లో ప్రతి సిలిండర్ రెండు చుట్లకి ఒకసారి పేలుతుంది. 400 చుట్లంటే 200 సార్లు, దాన్ని 16తో గుణిస్తే నిమిషానికి 3200 పేలుళ్ళు, అంటే సెకనుకి 53. అవి సమానంగా కాకుండా ఒక ఊపులో, గుర్రం దౌడు తీసినట్టు వినిపిస్తాయి. ప్లాట్‌ఫారం మీద నిలబడితే గుండెలో తగిలే ఆ "డబడబ" ఇదే.

ఇంకొకటి. డ్రైవర్ ముందు ఎనిమిది నాచ్‌లు ఉంటాయి, అంటే పవర్ మెట్లు. నాచ్ పెంచగానే డీజిల్ వెంటనే పడుతుంది. కానీ గాలిని లోపలికి తోసే టర్బో మాత్రం స్పీడ్ అందుకోవడానికి టైం తీసుకుంటుంది. ఆ కాసేపు గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ. అందుకే గొట్టంలోంచి నల్లటి పొగ, దాని వెనకే మెల్లగా లేచే టర్బో ఈల. మంచి సౌండ్ మోడల్ అంటే ఈ ఆలస్యాన్ని కూడా వినిపించాలి. బటన్ నొక్కగానే "బుర్ర్" మంటే అది ఆటో రిక్షా, ఆల్కో కాదు.

సరే, ఇంత పెద్ద గొంతు అరచేతిలో పట్టే ఇంజిన్‌లోకి ఎలా దూరింది?

మోడల్ రైళ్ళు చాలా కాలం మామూలు డీసీ కరెంటు మీదే నడిచాయి. పట్టాల్లో 12 వోల్టుల దాకా పంపిస్తారు. వోల్టేజ్ పెంచితే స్పీడ్, తగ్గిస్తే స్లో. ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లు పెడితే రెండూ కలిసే కదులుతాయి. 1970ల్లో అమెరికాలో పసిఫిక్ ఫాస్ట్ మెయిల్ అనే కంపెనీ ఒక సౌండ్ సిస్టం అమ్మింది. శబ్దం పుట్టేది టేబుల్ దగ్గరి పెట్టెలో. అది పట్టాల గుండా ప్రయాణించి ఇంజిన్ వెనక బొగ్గు పెట్టెలో దాచిన స్పీకర్‌కి చేరేది. చక్రం తిరిగినప్పుడల్లా ఒక చిన్న కాంటాక్ట్ తగిలి "ఛఫ్" అనేది. తెలివైన పనే, కానీ ఆ కాంటాక్ట్‌కి మురికి పడితే ఇంజిన్ మూగబోతుంది. ఈ మురికి గొడవ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

తర్వాత డిజిటల్ వచ్చింది. బ్రిటన్‌లో హార్న్‌బీ 1980 ప్రాంతంలో జీరో-1 అనేది తెచ్చింది. 16 ఇంజిన్లని విడివిడిగా నడపొచ్చు అన్నారు. జర్మనీలో మార్క్లిన్ 1985లో తన డిజిటల్ తెచ్చింది, దాంట్లో 80 అడ్రసులు. ఎవరి భాష వారిది, ఒకరి కంట్రోలర్ ఇంకొకరి ఇంజిన్‌కి పనికిరాదు. ఒకప్పటి ఫోన్ చార్జర్ల లాగా అన్నమాట. జీరో-1 కొద్ది ఏళ్ళకే ఆగిపోయింది. దాన్ని నమ్మి కొన్నవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి.

ఈ గందరగోళం తీర్చింది జర్మన్ ఇంజనీర్ బెర్న్‌డ్ లెంజ్ చేసిన పద్ధతి. అమెరికాలోని ఎన్ఎంఆర్ఏ అనే అభిరుచి సంఘం దాన్నే ఆధారంగా తీసుకుని 1990ల మధ్యకల్లా అందరికీ ఒకే ప్రమాణం చేసింది. అదే డీసీసీ, డిజిటల్ కమాండ్ కంట్రోల్. ఇందులో పట్టాల్లో వోల్టేజ్ ఎప్పుడూ ఒకటే ఉంటుంది, దాని దిశ మాత్రం చకచకా మారుతుంది. 58 మైక్రో సెకన్లకి మారితే అది 1, 100 మైక్రో సెకన్లు గానీ ఆపైన గానీ పడితే అది 0. ఆ 1, 0ల్లో "3వ నంబర్ ఇంజిన్, హారన్ కొట్టు" అని ఆర్డర్ వెళ్తుంది. ఇంజిన్‌లో ఉన్న డీకోడర్ అనే చిన్న చిప్ బోర్డు తన నంబర్ వింటేనే పలుకుతుంది. ఆ డీకోడర్‌లోనే శబ్దాలు కూడా నిల్వ చేస్తే? అమెరికాలో సౌండ్‌ట్రాక్స్, జర్మనీలో ఈఎస్‌యూ 1990ల్లో ఆ పని చేశాయి. ఈఎస్‌యూ వాళ్ళ లోక్‌సౌండ్ 5 ఇవాళ ఒకేసారి 10 శబ్దాలు పలికిస్తుంది: ఇంజిన్, హారన్, బ్రేకు, కంప్రెసర్ అన్నీ కలిపి.

మరి స్పీకర్? ఇక్కడ మీ జేబుకి సంబంధం ఉంది. పాత గుండ్రటి స్పీకర్ పెట్టాలంటే ఇంజిన్ లోపలి బరువు కోసి తీసేయాల్సి వచ్చేది. బరువు తగ్గితే చక్రాలు జారతాయి. మొబైల్ ఫోన్ల కోసం తయారైన పంచదార బిళ్ళంత స్పీకర్లు వచ్చాక ఆ బాధ తీరింది. అంటే ఆల్కోకి గొంతు ఇచ్చింది ఒక రకంగా మీ ఫోనే!

ఇప్పుడు కొనడం సంగతి. నా మాట సూటిగా చెప్తాను: సౌండ్ చూసి ఇంజిన్ కొనకండి. యంత్రం చూసి కొనండి. డీకోడర్ పాడైతే తీసి కొత్తది పెట్టొచ్చు. గేర్లు పాడైతే, స్పేర్ దొరక్కపోతే, అది షోకేసు బొమ్మే. 1990ల్లో వచ్చిన కొన్ని పేరున్న అమెరికన్ మోడళ్ళలో ఇరుసు మీది ప్లాస్టిక్ గేరు కాలక్రమంలో నిలువునా పగిలింది. బండి నడుస్తుంటే "టక్ టక్" అని కుంటుతుంది. ఇంకా పాతవాటిలో జింకు లోహంలో సీసం కలిసిపోయి, లోపల్నుంచే పొడిపొడిగా రాలిపోయింది. అందుకని సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తుందంటే ముందు సౌండ్ ఆపించి, అతి తక్కువ స్పీడ్‌లో వీడియో పంపమనండి. పాకినట్టు సాఫీగా కదలాలి. హారన్ మోతలో గేరు కుంటుడు వినపడదు, అమ్మేవాళ్ళకి ఆ సంగతి బాగా తెలుసు.

రెండోది, మురికి. సౌండ్ లేని ఇంజిన్‌కి అర సెకను కరెంటు తప్పితే మీకు తెలియను కూడా తెలియదు, ఊపులో వెళ్ళిపోతుంది. సౌండ్ ఉన్నదైతే గొంతు ఠక్కున ఆగి, మళ్ళీ స్టార్ట్ అయిన సౌండ్ మొదలుపెడుతుంది. చాలా చికాకు. అందుకే అన్ని చక్రాల నుంచీ కరెంటు తీసుకునేది, కెపాసిటర్ ఉన్నది చూడండి. మన ఎండాకాలం దుమ్ముకి, మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పట్టాలు తుడవడం అలవాటు చేసుకోవాలి. తప్పదు.

మూడోది ఒక మాట మోసం. బాక్స్ మీద "డీసీసీ రెడీ" అని ఉంటే డీకోడర్ ఉందని కాదు, పెట్టుకోవడానికి సాకెట్ మాత్రమే ఉందని! సౌండ్ కావాలంటే "డీసీసీ సౌండ్ ఫిటెడ్" అని స్పష్టంగా ఉండాలి. అమెరికాలో అలాంటి ఇంజిన్ 200 నుంచి 350 డాలర్ల దాకా ఉంటుంది, మనదాకా రావాలంటే షిప్పింగ్, కస్టమ్స్ వేరే. మీ చేతిలో డబ్బు తక్కువుంటే "రెడీ" మోడలే మంచిది కూడా: ఇప్పుడు మంచి యంత్రం, సౌండ్ తర్వాత. కంట్రోలర్ మీద మాత్రం ఎక్కువ పెట్టకండి. 2015లో గ్రెగ్ బెర్మన్ అనే ఆయన ఆర్డ్యునో బోర్డుతో డీసీసీ++ చేసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. దాని వారసుడు డీసీసీ-ఈఎక్స్. మీ ఆండ్రాయిడ్‌లో ఇంజిన్ డ్రైవర్ యాప్ వేసుకుంటే ఫోనే మీ నాచ్.

మరి మన డబ్ల్యూడీఎం-2 కావాలంటే? గొంతు కోసం దాని అమెరికా బంధువుల దగ్గరికి వెళ్ళాలి. బ్రాడ్‌వే లిమిటెడ్ చేసిన ఆర్ఎస్‌డీ-15, బౌజర్ చేసిన సీ-628 లాంటివి 1:87 సైజులో సౌండ్‌తో వచ్చాయి. అసలు బండ్లలో 16 సిలిండర్ల 251 కుటుంబమే, కింద బోగీ కూడా డబ్ల్యూడీఎం-2 లాగే ఆరు చక్రాలది, ఇరుసుల మధ్య దూరం సమానంగా లేనిది. పైన మన బాడీ తయారుచేసి తొడిగితే సరిపోతుంది. ఒక తేడా మిగులుతుంది: ఈ సైజులో పట్టా వెడల్పు 16.5 మిల్లీమీటర్లు, మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లకి అయితే 19 దాటాలి. నేనైతే దాన్ని పట్టించుకోను. హారన్ మాత్రం పట్టించుకుంటాను. అమెరికా హారన్ నాలుగైదు స్వరాలు కలిసి పాటలా మోగుతుంది. కాజీపేట ఇంజిన్ అలా పాడితే ఎవరూ నమ్మరు!

లోక్‌సౌండ్‌లో పాత శబ్దం తీసి కొత్తది ఎక్కించొచ్చు. దానికి కావాల్సింది శుభ్రమైన రికార్డింగ్. బ్రాడ్ గేజ్ దాదాపు అంతా కరెంటు లైన్ అయిపోయింది, ఆల్కోలు ఒక్కొక్కటిగా తుక్కుకి పోతున్నాయి. రైల్ వీడియోలు బోలెడున్నాయి, కానీ దూరం నుంచి వచ్చి దాటిపోయే బండి సౌండ్ డీకోడర్‌కి పనికిరాదు. నిలబడి ఉన్న ఇంజిన్ కావాలి: స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి, ఐడిల్ కనీసం ఒక నిమిషం, తర్వాత ఒక్కో నాచ్ విడివిడిగా, ఒక నాచ్ నుంచి ఇంకోదానికి మారే ఆ టర్బో ఆలస్యంతో సహా, చివర ఆపేసే శబ్దం. పక్కన మాటలు ఉండకూడదు, గాలి హోరు పడకుండా మైక్‌కి స్పాంజ్ తొడగాలి. ఫోన్‌లో ఆటోమేటిక్‌గా శబ్దం తగ్గించే సెట్టింగ్ ఉంటే ఆపేయాలి, లేకపోతే ఆ డబడబని చప్పగా చేసేస్తుంది. ప్లాట్‌ఫారం మీద నుంచి తీయండి. అనుమతి లేకుండా షెడ్‌లోకి, పట్టాల మీదకి పోతే 1989 రైల్వే చట్టం 147 సెక్షన్ కింద కేసవుతుంది. ఐడిల్ సౌండ్ అయితే స్టేషన్లో ఇంజిన్ ఆగిన ఆ ఐదు నిమిషాల్లోనే దొరుకుతుంది.