వెబ్ సర్వరు స్క్రిప్టు మాడ్యూలు: స్థాపనము, అమరిక, దోషనిర్ణయముల చరిత్ర

బ్రౌజరు ఒక పుటను కోరినపుడు, డిస్కుపై ముందే వ్రాసియుంచిన దానిని యథాతథముగా పంపుటయే గాక, ఆ క్షణమున పర్ల్, పి.హెచ్.పి., పైథాన్ వంటి భాషలలోని ప్రోగ్రామును నడిపి, దాని ఫలితమును పుటగా కూర్చి పంపుటకై వెబ్ సర్వరులో చేర్చబడు అంగమునకు స్క్రిప్టు మాడ్యూలని పేరు. ఈ అంగము సర్వరుకంటె వేరుగా, వేరొకరిచేత, పలుమారులు వేరొక యంత్రముపై కంపైలు చేయబడి, పిదప సర్వరు ప్రక్రియయొక్క గర్భములోనికే ప్రవేశపెట్టబడును. దీని స్థాపనములో తలయెత్తుచు వచ్చిన చిక్కులలో పెక్కింటికి మూల మిదియే: వేర్వేరు చోట్ల పుట్టి పెరిగిన రెండు ప్రోగ్రాములు ఒకే కప్పుక్రింద కాపురముండవలసి వచ్చుట.

మాడ్యూళ్లకు పూర్వము కామన్ గేట్‌వే ఇంటర్‌ఫేసు, అనగా సి.జి.ఐ., అను పద్ధతి యుండెను. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎన్.సి.ఎస్.ఎ. అను సూపర్ కంప్యూటింగు కేంద్రములో, రాబ్ మెకూల్ రచించిన సర్వరుతో కూడ 1993లో ఇది రూపొందెను. దాని నడవడినంతటిని గుదిగ్రుచ్చిన ఆర్.ఎఫ్.సి. 3875 అను పత్రము మాత్రము 2004 అక్టోబరునకు గాని వెలువడలేదు. ఈ పద్ధతియందు సర్వరు ప్రతి అభ్యర్థనకును ఒక క్రొత్త ప్రక్రియను పుట్టించి, అభ్యర్థన వివరములను ఎన్విరాన్‌మెంటు వేరియబుళ్లుగా దాని కందించి, అది వెలువరించిన పాఠమును బ్రౌజరునకు చేరవేయును. స్క్రిప్టు ముందుగా హెడర్లను, తరువాత ఒక ఖాళీ పంక్తిని, ఆ పిమ్మటనే పుటను వ్రాయవలెను. ఆ ఖాళీ పంక్తి లోపించిన చాలును, 500 అను సంఖ్యతో అంతర్గత దోషసూచన ప్రత్యక్షమగును.

ఆ నాటి దోషములలో ఒకదానిని ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. విండోసు యంత్రముపై సరిదిద్దిన పర్ల్ స్క్రిప్టును ఎఫ్.టి.పి. ద్వారా బైనరీ పద్ధతిలో యూనిక్సు సర్వరునకు పంపినచో, ప్రతి పంక్తి చివరను కంటికి కానరాని క్యారేజ్ రిటర్న్ అక్షర మొకటి అంటిపెట్టుకొని పోవును. మొదటి పంక్తిలో పర్ల్ ఎక్కడ కలదో ఆ త్రోవ వ్రాసియుండును గనుక, కెర్నెలు 'పర్ల్'ను గాక, ఆ అదృశ్యాక్షరము తోకగా గల మరియొక ప్రోగ్రామును వెదకి, అట్టిది లేదని తేల్చివేయును. ఎర్రర్ లాగ్‌లో 'అట్టి ఫైలు లేదు' అని యుండును. డైరెక్టరీ తెరచి చూచిన, స్క్రిప్టు ఎదుటనే కూర్చుండి యుండును. లేదన్నది స్క్రిప్టును గూర్చి కాదు, దానిని చదువవలసిన పర్ల్‌ను గూర్చి అని గ్రహించునంతవరకు ఎన్ని పర్యాయములు అనుమతులు మార్చినను, ఎన్ని పర్యాయములు ఫైలును తిరిగి పంపినను ప్రయోజన ముండెడిది కాదు.

సి.జి.ఐ.కి గల ప్రధానలోపము వ్యయము. ప్రతి పుటకును పర్ల్ భాష్యకారిని నిద్రలేపి, స్క్రిప్టును మొదటినుండి కంపైలు చేయించి, పని ముగియగనే పారవేయుట యంత్రములకు భారమయ్యెను. ఎన్.సి.ఎస్.ఎ. సర్వరునకు అతుకులు వేయుచుండిన కొందరు 1995లో అపాచీ బృందముగా నేర్పడగా, వారిలో రాబర్ట్ థౌ సర్వరు నిర్మాణమునే తిరుగవ్రాసి, మాడ్యూళ్లకు ద్వారము తెరచెను. ఆ నిర్మాణము ఆ సంవత్సరము ఆగస్టున 0.8.8 సంచికలోను, డిసెంబరు 1న 1.0 సంచికలోను లోకమునకు వచ్చినది. 1996లో డగ్ మెకీచర్న్ చేతిలో మాడ్‌పర్ల్ రూపు దాల్చెను. 1995 జూనులో రాస్మస్ లెర్డార్ఫ్ ప్రకటించిన పి.హెచ్.పి. ఉపకరణములు మొదట సి.జి.ఐ. ప్రోగ్రాములుగనే పుట్టి, అచిరకాలముననే మాడ్యూలు రూపము కూడ ధరించెను. ఇజ్రాయేలులోని టెక్నియాన్ విద్యార్థులైన ఆండీ గట్‌మన్స్, జీవ్ సురాస్కీలు దానిని తిరుగవ్రాయగా, 1998 జూనులో పి.హెచ్.పి. 3 వెలసినది.

తొలినాటి మాడ్యూళ్లను సర్వరుతో కలిపి కంపైలు చేయవలసియుండెను. ఒక ఫైలులో మాడ్యూలు పేరు చేర్చి, సర్వరునంతటిని మరల కట్టుట దుర్భరమే. అయినను అందొక మేలు కలదు. పొసగని రెండు భాగములు కట్టుబడివేళనే తగవులాడి, పని ఆగిపోయెడిది. 1998 జూనులో వెలువడిన అపాచీ 1.3 ఈ స్థితిని మార్చెను. మాడ్‌ఎస్ఓ అను అంగమును, ఎ.పి.ఎక్స్.ఎస్. అను ఉపకరణమును ఆధారముగా గొని, మాడ్యూలును విడిగా కంపైలు చేసి, 'లోడ్‌మాడ్యూల్' అను ఒక్క పంక్తితో సర్వరు మేల్కొనువేళ దానిని లోనికి గొనితెచ్చుట సాధ్యమయ్యెను. సౌకర్యము మిక్కుటమే గాని, కంపైలువేళ బయటపడవలసిన తగవులు అన్నియు నడిచెడి సర్వరులోనికి వలసపోయినవి.

అందు సులభమైనవి మాటతోనే తెలియును. అపాచీ తన నిర్మాణము మారినపుడెల్ల ఒక గుర్తుసంఖ్యను పెంచును; పాత సంఖ్యతో కట్టబడిన మాడ్యూలును చేర్చబోయిన, ఇది ఈ సంచికతో పొసగదని సర్వరు నిరాకరించును. 1.3లో లోడ్‌మాడ్యూల్ పంక్తి యున్నను, మాడ్యూళ్ల పట్టికను తుడిచివేసిన తరువాత 'యాడ్‌మాడ్యూల్' అను రెండవ పంక్తి వ్రాయుట మరచినచో, మాడ్యూలు ఇంటిలోనికి వచ్చియు పనిలోనికి రాదు. సర్వరు మాత్రము ఏమియు పలుకదు.

కష్టమైనవి పలుకక ప్రాణము తీయును. ఇందుకు ఎక్స్‌పాట్ ఉదంతము చక్కని సాక్ష్యము. ఎక్స్.ఎం.ఎల్. పాఠమును చదువుటకై అపాచీ 1.3 తనలో ఎక్స్‌పాట్ గ్రంథాలయపు ప్రతి నొకదానిని ఇముడ్చుకొనెను, పర్ల్‌లోని ఎక్స్.ఎం.ఎల్. పార్సరు తన ప్రతిని తాను వెంటదెచ్చుకొనెను. రెండింటిలోని ఫంక్షన్ల పేర్లు ఒక్కటే. మాడ్‌పర్ల్ ద్వారా రెండును ఒకే ప్రక్రియలో చేరగా, పర్ల్ తన ఫంక్షనును పిలిచిన, పలికినది అపాచీది. సంచికలు వేరగుటచే స్మృతిలోని అమరికలు సరిపోలక, ఆ ప్రక్రియ సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తో కూలెను. బ్రౌజరులో శూన్యపుట, ఎర్రర్ లాగ్‌లో ఫలానా శిశుప్రక్రియ 11వ సంకేతముతో గతించినదను ఒకే పంక్తి. అదే స్క్రిప్టును ఆజ్ఞాపంక్తినుండి నడిపినచో నిరపాయముగ నడచెడిది, ఏలయన అచ్చట అపాచీ లేదు. అపాచీని ఎక్స్‌పాట్ లేకుండ తిరిగి కట్టుటయే దీనికి పరిహారముగ నుండెను. పి.హెచ్.పి.తో కలిసివచ్చిన మైఎస్‌క్యూఎల్ క్లయింటు ప్రతికిని, యంత్రములో ముందేయున్న ప్రతికిని నడుమ ఇట్టి కలహమే జరిగెడిది. ఈ వ్యాసకర్త యభిప్రాయమున, మాడ్యూళ్ల చరిత్రలో దోషము తన చిరునామాను ఇంతకంటె నేర్పుగ దాచుకొన్న ఘట్టము వేరొకటి లేదు.

మాడ్యూలు సరిగ చేరినను, ఏ ఫైళ్లను దాని కప్పగింపవలెనో సర్వరునకు చెప్పకున్న పని జరుగదు. పి.హెచ్.పి. విషయమున 'యాడ్‌టైప్' పంక్తి మరచినపుడు, సర్వరు స్క్రిప్టును నడుపక, సామాన్యపాఠముగ నెంచి దానినే బ్రౌజరునకు పంపివేయును. డేటాబేసు పాస్‌వర్డుతో సహా లోపలి రహస్యమంతయు వచ్చినవారి కందరకు దర్శనమిచ్చును. చెప్పుటలో అతి చేసినను ముప్పే. 'యాడ్‌హ్యాండ్లర్' వాడినచో అపాచీ ఫైలుపేరులోని ప్రతి పొడిగింపును లెక్కగొనును గనుక, నడుమ పి.హెచ్.పి. అని యుండి చివర గుర్తెరుగని పొడిగింపు గల ఫైలును ఎవడైన అప్‌లోడు చేసిన, అదియు స్క్రిప్టుగ నడచును. ఈ కారణముననే చివరి పొడిగింపును మాత్రమే చూచు 'ఫైల్స్‌మ్యాచ్', 'సెట్‌హ్యాండ్లర్' జంట ప్రశస్తమయ్యెను.

2002 ఏప్రిలున స్థిరసంచికగ వెలువడిన అపాచీ 2.0, ప్రక్రియలకు తోడు థ్రెడ్లను కూడ ప్రవేశపెట్టెను. పి.హెచ్.పి. మూలభాగమును థ్రెడ్లకు తగినట్లు కట్టవచ్చును గాని, అది ఆధారపడు గ్రంథాలయములన్నియు అట్లు కట్టబడినవను హామీ లేకుండుటచే, ప్రీఫోర్క్ అను పాతపద్ధతినే వాడుడని పి.హెచ్.పి.వారు చిరకాలము బోధించిరి. మాడ్‌పర్ల్ 2.0 సంచిక 2005 మే నెలకు గాని రాలేదు. అందును విడుదలకు కొలదివారముల ముందు దాని ప్యాకేజీ పేర్లన్నియు 'అపాచీ' నుండి 'అపాచీ2'కు మార్చబడుటచే, అంతకుముందు ప్రయోగసంచికలపై వ్రాసిన ప్రోగ్రాములు తమ బంధువులను తామే పోల్చుకొనలేకపోయెను. పైథాన్ పక్షమున గ్రెగరీ ట్రుబెట్స్కోయ్ రచించిన మాడ్‌పైథాన్ స్థానమును, 2007లో గ్రాహం డంపుల్టన్ వెలువరించిన మాడ్‌డబ్ల్యుఎస్‌జిఐ క్రమముగ ఆక్రమించినది.

విండోసుపై చిక్కులు వేరు. అచ్చట మాడ్యూలును ఎవరును తామై కంపైలు చేయరు; సిద్ధముగ నున్న డి.ఎల్.ఎల్. ఫైలును తెచ్చి పెట్టుకొందురు. అపాచీ 2.0కు ఒక ఫైలు, 2.2కు వేరొకటి, థ్రెడ్లకు తగినది యొకటి, తగనిది యొకటి, ఏ విజువల్ సి సంచికతో కట్టినదో అదియును సరిపోలవలెను. పొరపడినపుడు విండోసు చెప్పు మాట మరింత పెడత్రోవ పట్టించును: 'నిర్దేశించిన మాడ్యూలు కనబడలేద'ని అపాచీ మాడ్యూలు పేరే చెప్పును, నిజమునకు కానరానిది ఆ మాడ్యూలు కోరుచున్న మరియొక డి.ఎల్.ఎల్. 2002లో మొదలైన జాంప్ వంటి కూర్పులు అన్నింటిని ఒక్క మూటగ కట్టి యిచ్చుటచే నేర్చుకొనువారికి ఈ బాధ చాలవరకు తప్పినది.

తెలుగులో పుటలు నిర్మించినవారికి అమరికలోని రెండు చిక్కులు ప్రత్యేకముగ ఎదురయినవి. అపాచీ 2.0 తొలిసంచికలతో వచ్చిన అమరిక ఫైలులో లాటిను లిపికి చెందిన ఐ.ఎస్.ఓ.-8859-1 సర్వపుటలకు డిఫాల్టుగ నిర్దేశింపబడియుండెను. సర్వరు పంపు హెడరు పుటలోని ప్రకటనను త్రోసిరాజను గనుక, పుటలో యు.టి.ఎఫ్.-8 అని యెంత స్పష్టముగ వ్రాసినను ఫలముండదు. యూనికోడులో ఒక్కొక్క తెలుగు అక్షరసంకేతము యు.టి.ఎఫ్.-8 నందు 3 బైట్లు. 'తెలుగు' అను పదము 6 సంకేతములు, 18 బైట్లు. ఆ 18 బైట్లును 18 లాటిను గుర్తులుగ చెదరి తెరపై పడెను. ఆ పంక్తిని తీసివేసినచో గాని తెలుగు తెలుగుగ కనబడలేదు.

రెండవది నోట్‌ప్యాడు తెచ్చిపెట్టినది. తెలుగు పాఠమును అందు సాధారణపద్ధతిలో దాచిన అక్షరములన్నియు ప్రశ్నార్థకములయ్యెడివి, యు.టి.ఎఫ్.-8గ దాచిన, ఫైలు మొదట బి.ఓ.ఎం. అను 3 అదృశ్య బైట్లు చేరెడివి. అవి పి.హెచ్.పి. ఆరంభచిహ్నమునకు ముందుండుటచే పుటలోని భాగముగ ఎంచబడి ముందుగనే బ్రౌజరునకు పోవును. పిదప స్క్రిప్టు కుకీని పంపబోయిన, హెడర్లు వెడలిపోయినవను హెచ్చరిక 1వ పంక్తిని చూపును. ఆ పంక్తిలో చూడబోయిన ఏమియు నుండదు. లాగిన్ పని చేయదు. నోట్‌ప్యాడు ఈ అలవాటును మానినది 2019లో.

పి.హెచ్.పి. అమరిక ఫైలైన పి.హెచ్.పి.-ఐ.ఎన్.ఐ. విషయమున తరచు జరుగు పొరపాటు వేరొకటి కలదు. డెబియన్ వంటి కూర్పులలో మాడ్యూలు చదువు ఫైలు ఒకటి, ఆజ్ఞాపంక్తిపై పి.హెచ్.పి. చదువునది మరియొకటి. ఒకదానిని దిద్ది వేరొకదానియందు ఫలము నాశించువారు నేటికిని కలరు. పి.హెచ్.పి.ఇన్ఫో అను ఫంక్షను చూపు పట్టికలో ఏ ఫైలు చదువబడినదో స్పష్టముగ నుండును; దానిని సర్వరుద్వారనే నడిపి చూడవలెను.

కాలక్రమమున అన్యోన్యకాపురము బెడిసికొట్టి, వేరుకాపురమువైపు మొగ్గు కలిగెను. స్క్రిప్టును నడుపు ప్రక్రియను వెలుపలనే యుంచి, సి.జి.ఐ. వలె ప్రతిమారు చంపక సజీవముగ నిలుపు ఫాస్ట్‌సీజీఐ పద్ధతిని ఓపెన్ మార్కెట్ సంస్థ 1996లోనే ప్రతిపాదించియుండెను. ఆ పద్ధతిపై ఆండ్రీ నిగ్మతులిన్ నిర్మించిన పి.హెచ్.పి.-ఎఫ్.పి.ఎం. 2010 జూలైలో 5.3.3 సంచికతో పి.హెచ్.పి.లో భాగమయ్యెను. దీనితో ఎక్స్‌పాట్ వంటి కలహములు ముగిసెను. థ్రెడ్ల బెడద తీరెను. ఇరువురి నడుమ గల గుమ్మము మాత్రము క్రొత్త దోషస్థానమయ్యెను. ఆ గుమ్మము తరచు ఒక యూనిక్సు సాకెట్ ఫైలు. 2014 మే నెలలో భద్రతాదృష్టితో 5.5.12 సంచిక దాని అనుమతులను 0666 నుండి 0660కి కుదింపగా, నాటివరకు నిశ్చింతగ నడచిన సర్వరులు పలుచోట్ల ఒక సామాన్యనవీకరణముతో 502 దోషమును చూపజొచ్చెను. కారణము పి.హెచ్.పి. లాగ్‌లో కానరాదు. అభ్యర్థన అచ్చటికి చేరలేదు గదా! ముందుగ వెబ్ సర్వరుయొక్క లాగ్ తెరచినవారికి 'అనుమతి లేదు' అని అందే కనబడెను.

మాడ్యూలు రూపము అంతరింపలేదు. 2020 నవంబరున వచ్చిన పి.హెచ్.పి. 8లో దాని పేరునుండి సంఖ్య తొలగింపబడి, పి.హెచ్.పి.7 మాడ్యూలు కేవలము పి.హెచ్.పి. మాడ్యూలైనది. పాత పేరుతో నున్న లోడ్‌మాడ్యూల్ పంక్తివలన సర్వరు లేవనే లేవదు గనుక, ఆ దోషము వెంటనే దొరకును. 'ఇఫ్‌మాడ్యూల్' అను నియమములో పాత పేరుతో చుట్టియుంచిన అమరికలు అట్లు దొరకవు. అట్టి మాడ్యూలు లేదు గనుక సర్వరు వానిని శాసనానుసారముగ దాటిపోవును. పరీక్షింపబోయిన 'వ్యాకరణము సరి' యనును. అప్‌లోడు పరిమితి మాత్రము పెంచుకొన్నవాని కెఱుకలేకయే, మరల పుట్టుకతో వచ్చిన 2 మెగాబైట్లకు దిగిపోయి యుండును.