గాజుపలకల పెట్టె

మా బాబాయి కొడుకు మిర్యాలగూడలో ఉంటాడు. కొత్తగా కెమెరా కొన్నాడు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుళ్ళు, ఫణిగిరి బౌద్ధ క్షేత్రం చూసుకుని కోదాడ మీదుగా ఇంటికి రావాలని వాడి ప్లాను, అదీ బండి మీద. "అన్నా, గట్టి డబ్బా కొనాల్నా, మెత్తటి బ్యాగు సరిపోతదా?" అని మెసేజ్ పెట్టాడు. రెండు లైన్లలో తేలిపోయే ప్రశ్నే. కానీ నేనప్పుడు పాత ఫొటోగ్రాఫర్లు మోసిన సామాన్ల గురించి చదువుతున్నాను. పాపం, వాడికి ఇదంతా వినక తప్పలేదు.

లినేయస్ ట్రైప్ ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో అధికారి. 1856లో మద్రాసు ప్రభుత్వం అతన్ని ఫొటోగ్రాఫర్‌గా నియమించింది. మద్రాసు మ్యూజియానికి చేరిన అమరావతి శిల్పాలను 1858లో ఫొటోలు తీసింది ఇతనే. అప్పటికే గాజు మీద నెగటివ్ తీసే పద్ధతి వచ్చి ఏడేళ్ళు. గాజు మీద బొమ్మ చాలా స్పష్టంగా వస్తుంది. అయినా మదురై, తంజావూరు గుళ్ళ వెంట తిరిగినప్పుడు ట్రైప్ ఎక్కువగా వాడింది మైనం పట్టించిన కాగితమే. ఆ కాగితాన్ని ముందే సిద్ధం చేసి పెట్టుకోవచ్చు. పగలదు, బరువూ ఉండదు. గాజుపలక అలా కాదు. అక్కడికక్కడే మందు పూయాలి, తడి ఆరేలోగా ఫొటో తీయాలి, వెంటనే కడగాలి. మన ఎండలో ఆ తడి ఎంతసేపు ఆగుతుంది! పైగా చీకటిగది కోసం డేరా, మందు సీసాలు, నీళ్ళు, అన్నీ వెంట రావాలి. ట్రైప్ మంచి పెట్టె వెతుక్కోలేదు, పెట్టెలో పెట్టే వస్తువునే మార్చేశాడు. మా ఆఫీసులో డిజైన్ రివ్యూకి అతను వచ్చుంటే బాగుండేదనిపించింది.

లాలా దీన్‌దయాళ్ గాజునే నమ్ముకున్నాడు. ఆయన రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్‌లో పనిచేసినవాడు. (ఉద్యోగం చేసుకుంటూ ఫొటోలు మొదలుపెట్టిన ఇంజనీరు. ఈ జాతి కొత్తదేం కాదు.) తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1894లో నిజాం ఆయనకు రాజా ముసవ్విర్ జంగ్ బిరుదిచ్చాడు. ఆయన గాజు నెగటివులు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి.

ఒక్క లెక్క వేసి చూశాను. 10 అంగుళాలకి 12 అంగుళాల పలక, మందం రెండున్నర మిల్లీమీటర్లు అనుకుంటే, దగ్గర దగ్గర అరకిలో. యాభై పలకలంటే మిర్యాలగూడ మిల్లులో కట్టే పాతిక కిలోల బియ్యం బస్తా. బస్తానైతే ఎత్తేస్తాం. దీన్ని ఎత్తేస్తే అంతే సంగతులు. పలకల్ని ఒకదాని మీద ఒకటి పేర్చినా ప్రమాదమే, పైవాటి బరువుకి కిందవి చిట్లుతాయి. అందుకే ఆ కాలపు చెక్కపెట్టెల్లో లోపలి గోడలకి వరసగా గాళ్ళు చెక్కేవాళ్ళు. ఒక్కో గాడిలో ఒక్కో పలక నిలువుగా, పక్కదానికి తగలకుండా కూర్చునేది. ఎద్దుబండి గోతిలో పడినా పెట్టె కుదుపే తప్ప పలకా పలకా కొట్టుకునేది కాదు.

ఇక్కడే ఒక సంగతి తట్టింది. ఆ గాళ్ళ పెట్టె కెమెరా కోసం కాదు, తీసిన బొమ్మ కోసం. కెమెరా చెక్క విరిగితే వడ్రంగి బాగుచేస్తాడు. పలక పగిలిందంటే ఆ బొమ్మ ఇక లేదు.

ఇప్పుడు మనం కొనే పెట్టెలన్నీ కెమెరా కోసమే. ఐపీ67 అని రాసి ఉంటే దుమ్ము లోపలికి పోదు, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా తడవదు. బాగానే ఉంది. కానీ ఆగస్టులో కోదాడ వైపు, కాలవ కింద నాట్లు పడ్డాక, గాలే తడిగా ఉంటుంది. ఆ గాలితో పాటు మూత బిగించామంటే తేమని మనమే లోపల దాచిపెట్టినట్టు. సిలికా జెల్ వేయకుండా నెలల తరబడి వదిలేస్తే లెన్సులో ఫంగస్ పట్టొచ్చు.

నా దగ్గర గట్టి డబ్బానే ఉంది. రెండేళ్ళ కింద పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం నల్లరాతి స్తంభాల దగ్గర అమ్మమ్మని కూర్చోబెట్టి ఫొటోలు తీశాను. కెమెరా తుడిచి, స్పాంజిలో పెట్టి, క్లిప్పులు రెండూ బిగించాను. కార్డు మాత్రం నిండిపోయిందని తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. సూర్యాపేట బస్టాండులో టీ తాగేటప్పుడు జేబు తడిమితే లేదు. మళ్ళీ తీద్దాంలే అమ్మమ్మా అన్నాను. ఆ సంక్రాంతికి ఆమె లేదు. కెమెరా మీద ఇప్పటికీ ఒక్క గీత లేదు.

మావాడికి ఇంత కథ చెప్పి, చివరికి చెప్పింది ఇది. బండి మీద గట్టి డబ్బా వెనక కట్టుకుంటే ప్రతి గుంతా నేరుగా దానికే తగులుతుంది. వీపుకి ఆనుకునే మెత్తటి బ్యాగు కొను, కుదుపు నీ ఒళ్ళు తీసుకుంటుంది. రెండు సిలికా జెల్ పొట్లాలు, వానకి ఒక కవరు. కార్డులకి వేరే చిన్న డబ్బా, ఒక్కో కార్డుకి ఒక్కో గాడి ఉండేది, అది జేబులో కాదు, బ్యాగు లోపలి జిప్పులో. రాత్రి ఎక్కడ ఆగినా ముందు ఫొటోలు ఫోన్‌లోకి కాపీ చేసుకో, తర్వాతే తిండి.

సరే అన్నాడు. మొన్న ఆదివారం ఫణిగిరి నుంచి వాడి ఫొటో వచ్చింది. గుట్ట కాదు, శిల్పం కాదు. రాతి మీద పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో నాలుగు గాళ్ళు, మూడింట్లో కార్డులు. "నాలుగోది కెమెరాలో ఉందన్నా, భయపడకు" అని రాశాడు.